గొల్లభామలో ఏం చూడాలి? మాంటిస్ కుంగ్‌ఫూ నేర్చుకునేవాళ్లకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రెండేళ్లుగా మాంటిస్ కుంగ్‌ఫూ, అంటే గొల్లభామ కదలికల నుంచి పుట్టిందని చెప్పే చైనా యుద్ధవిద్య, నేర్చుకుంటున్నారు. "గొల్లభామను చూడు, అదే నేర్పుతుంది" అన్నారు మీ మాస్టారు. ఒకదాన్ని తెచ్చి డబ్బాలో పెట్టుకుని మూడు వారాలుగా చూస్తున్నారు. గంటల తరబడి కదలదు, కదిలితే కంటికి ఆనదు. పైగా నాలుగు రోజులుగా తిండి మానేసి డబ్బా మూతకు తలకిందులుగా వేలాడుతోంది. దీనికీ యుద్ధవిద్యకూ నిజంగా సంబంధం ఉందా, లేక అంతా కట్టుకథేనా?

నేను ఆ విద్యలోనే సెవెన్ స్టార్ మాంటిస్ అనే శాఖలో పద్దెనిమిదేళ్లుగా సాధన చేస్తున్నాను. గొల్లభామల్ని పెంచడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మొదటిదాన్ని మీలాగే, దాని దెబ్బ చూడాలనే పెంచాను. ఆ దెబ్బ మామూలు కంటితో చూసేది కాదని తెలియడానికి ఒక సీజన్ మొత్తం పట్టింది. సంబంధం ఉంది, కానీ మనం వెతికే చోట లేదు. దెబ్బకు ముందూ దెబ్బ తర్వాతా ఉంది.

ముందు ఒక చిన్న విషయం తేల్చుకుందాం. మనలో చాలామంది పచ్చ మిడతను కూడా గొల్లభామ అనేస్తారు. మీ దగ్గరున్నది ఏదో చూసుకోండి. వెనక కాళ్లు లావుగా, గెంతడానికి మడిచిపెట్టుకున్నట్టు ఉంటే అది మిడత. ముంగాళ్లు రెండూ దణ్ణం పెడుతున్నట్టు ముడుచుకుని, వాటి లోపలి అంచున రంపంలా ముళ్లుండి, ముక్కోణపు తలను మెడ మీద మనిషిలా తిప్పి చూస్తుంటే అదే మాంటిస్. మిడతకు అది దగ్గరి చుట్టం కాదు. దగ్గరి చుట్టాలు బొద్దింకలు, చెదపురుగులు. బొద్దింక పేరుతో కుంగ్‌ఫూ పద్ధతి ఒక్కటీ లేకపోవడం నాకెప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది, తప్పించుకోవడంలో దాన్ని మించిన గురువెవరు?

ఇక దెబ్బ సంగతి. మాంటిస్ ముంగాళ్లు విసిరి ఎరను పట్టడానికి సాధారణంగా 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది. కళ్లెదుట ఏదో జరిగిందని గుర్తించి మనిషి వేలు కదపడానికే 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే అది కొట్టిందని మీకు తెలిసేసరికి ఈగ దాని చేతిలో ఉంటుంది. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములుంటాయి కాబట్టి 60 మిల్లీసెకన్ల దెబ్బ రెండు ఫ్రేముల్లో ముగిసిపోతుంది. ఫోన్‌లో స్లో మోషన్ 240 ఫ్రేములకు పెడితే పద్నాలుగు ఫ్రేములు దొరుకుతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు చదువు.

నా దగ్గరున్న ఒక వీడియోలో జరిగింది చెబుతాను. మొదటి ఆరేడు ఫ్రేముల్లో పెద్దగా ఏమీ జరిగినట్టుండదు. ముంగాలి తొడకు ఆనించి మడిచిన పిక్క భాగం మెల్లగా తెరుచుకుంటుంది, ముంగాళ్లు ఎర వైపు సాగుతాయి. అదే సమయంలో నడిమి కాళ్లూ వెనక కాళ్లూ నేలను తన్ని పట్టుకుని మొండెం మొత్తాన్ని ముందుకు తోస్తాయి. పాదాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఆ తర్వాతి నాలుగైదు ఫ్రేముల్లో తొడ భాగం విసురుగా చాచుకుంటుంది, పిక్క టక్కున మూసుకుంటుంది. ఈగ ఆ రెండు రంపాల మధ్య ఉంటుంది. మిగతా ఫ్రేముల్లో శరీరం వెనక్కి వస్తూ ఎరను నోటి దగ్గరికి లాక్కుంటుంది.

ఇందులో రెండు దశలున్నాయి: నెమ్మదిగా చేరడం, వేగంగా ఊడ్చిపట్టడం. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో చూపించిన సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. ఎర వేగంగా వస్తే మాంటిస్ ఆ మొదటి దశను త్వరగా ముగిస్తుంది, నెమ్మదిగా వస్తే సాగదీస్తుంది, అవసరమైతే మధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది కూడా. ఒకసారి వదిలితే ఇక మార్చలేని బాణం లాంటిది ఆ దెబ్బ అని అంతకుముందు అనుకునేవారు. ఎవరైనా మీకు "మాంటిస్‌లా కళ్లు మూసి తెరిచేలోగా కొట్టు" అని చెబితే, అది ఎప్పుడు ఆగాలో కూడా లెక్క చూసుకుంటుందని చెప్పండి.

అందరూ మర్చిపోయే ముక్క ఇంకొకటుంది. అది గుద్దదు. తన్నదు. వేటాడేటప్పుడు ముంగాళ్లతో అది చేసేదల్లా పట్టుకోవడమే. తిండి విషయంలో మాంటిస్ దగ్గర "దెబ్బ" అనేదే లేదు, పట్టు ఉంది. ఈ ఒక్క మాట అర్థమైతే మీరు నేర్చుకుంటున్న విద్యలో సగం చిక్కుముడులు విడిపోతాయి.

దెబ్బకు ముందు ఏం చేస్తుందో చూడండి. మొదట తల తిప్పుతుంది, ఎర వైపు ఎదురుగా తెచ్చుకుంటుంది. తర్వాత ఒక్కోసారి గాలి లేని గదిలో కూడా కొమ్మ ఊగినట్టు అటూ ఇటూ ఊగుతుంది. ఆకులా కనిపించి మోసం చెయ్యడానికి అది కొంతవరకు పనికొస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అది దూరం కొలుచుకునే పద్ధతి. రైల్లో వెళ్తుంటే దగ్గరి స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి, దూరపు కొండ కదిలీ కదలనట్టుంటుంది కదా, అదే సూత్రం. గెంతబోయే ముందు ఈ ఊగడం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

దాని చూపు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసి మాంటిస్ మొత్తంలో గొప్ప విద్య అదే. పెద్ద కళ్లు రెండు, మధ్యలో చిన్న కళ్లు మూడు. రెండు కళ్ల చూపునూ కలిపి లోతును అంచనా వేసే శక్తి కీటకాల్లో ఉన్నట్టు రుజువైంది దీనికొక్కదానికే. 1983లో సామ్యూల్ రోసెల్ అనే శాస్త్రవేత్త దాని కళ్ల ముందు పట్టకాలు పెట్టి, ఎర దూరాన్ని తప్పుగా చూపించి, అది ఆ తప్పు దూరాన్నే నమ్మి ముంగాళ్లు విసురుతుందని చూపించాడు. 2016లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో జెన్నీ రీడ్ బృందం మాంటిస్‌లకు తేనెమైనంతో చిట్టి త్రీడీ కళ్లజోళ్లు అతికించి, తెర మీద పురుగు బొమ్మలు ఆడించింది. మామూలు బొమ్మను అది పట్టించుకోలేదు. అదే బొమ్మ తెరలోంచి బయటికొచ్చి తన ముంగాళ్లకు అందేంత దూరంలో, సుమారు రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టు కనిపించగానే విసిరింది. 2018లో అదే బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. మన మెదడు రెండు కళ్లలోని బొమ్మల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకుంటుంది. మాంటిస్ మాత్రం ఆ రెండు బొమ్మల్లో ఎక్కడ మార్పు వస్తోందో దాన్నే పోల్చుకుంటుంది. కదలనిది ఎలా ఉన్నా దానికి లెక్కలేదు.

దీన్ని మీరు ఇంట్లోనే చూడొచ్చు. చచ్చిన ఈగను ముందు పెట్టండి, దాని పక్కనుంచే నడిచిపోతుంది. అదే ఈగను పట్టకారుతో పట్టుకుని కాస్త వణికించండి, తల చటుక్కున తిరుగుతుంది.

అన్నట్టు, దాని కంట్లో ఒక నల్లచుక్క మీరు ఎటు వెళ్తే అటు తిరుగుతున్నట్టు ఉంటుంది. "నన్నే చూస్తోంది" అని మురిసిపోకండి. అది కనుపాప కాదు, ఆ కంటి నిర్మాణం వల్ల కనిపించే భ్రమ.

ఇక మన విద్యలోకి వద్దాం. మాంటిస్ పద్ధతి పుట్టిల్లు చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం. టాంగ్‌లాంగ్ చ్వాన్ అంటారు. టాంగ్‌లాంగ్ అంటే మాంటిస్, చ్వాన్ అంటే పిడికిలి. వాంగ్ లాంగ్ అనే యోధుడు ఒకరి చేతిలో ఓడిపోయి దిగాలుగా కూర్చున్నప్పుడు, ఒక మాంటిస్ చెట్టు మీద రొద చేసే ఇలకోడిని పట్టడం చూశాడనీ, దాన్ని తెచ్చి గడ్డిపుల్లతో కవ్విస్తూ దాని చేతుల కదలికల్ని తన విద్యలో కలుపుకున్నాడనీ కథ. కాలం విషయంలో ఒక్కో శాఖ ఒక్కోటి చెబుతుంది. సొంగ్ రాజుల కాలమని ఒకరు, మింగ్ కాలం చివరని ఇంకొకరు. ఆ మనిషి నిజంగా ఉన్నాడని చెప్పే గట్టి ఆధారం లేదు కాబట్టి నేను దాన్ని కథగానే తీసుకుంటాను. కానీ పనికొచ్చే కథ.

ఎందుకు పనికొస్తుందంటే, అందులో రెండు వేర్వేరు ప్రవర్తనలున్నాయి. ఇలకోడిని పట్టడం వేట. గడ్డిపుల్లతో కవ్విస్తే చేసేది ఆత్మరక్షణ. ఈ రెండూ ఒకటి కావు. మీరూ పుల్లతో పొడిచి చూసే ఉంటారు, అందరూ చేస్తారు. అప్పుడది మొండెం పైకి లేపి, ముంగాళ్లు చాచి, రెక్కలుంటే విప్పి, తన ఒళ్లు రెట్టింపు చేసి చూపిస్తుంది. అది బెదిరింపు. బెదరకపోతే ముంగాళ్లతో ఆ పుల్లను తోసేస్తుంది, లేదా ఒక్క క్షణం పట్టి వదిలేస్తుంది. వేటలో అయితే పట్టింది వదలదు. మీ విద్యలో తోసి తప్పించే కదలికలూ, పట్టి లాగే కదలికలూ రెండూ ఉన్నాయి. కథ కట్టినవాడెవడో ఆ తేడా చూసినవాడే అని నాకు అనుమానం. దయచేసి పుల్ల ఆట మాత్రం రోజూ ఆడకండి. అది భయపడుతోంది, మీకు క్లాసు చెప్పడం లేదు.

షాన్‌డాంగ్‌కూ మాంటిస్‌కూ అంతకంటే పాత అనుబంధం ఒకటుంది. పూర్వం ఛీ రాజ్యం ఉన్నది ఆ ప్రాంతంలోనే. ఛీ రాజు జువాంగ్ వేటకు వెళ్తుంటే ఒక మాంటిస్ రథచక్రం ముందు ముంగాళ్లెత్తి నిలబడిందట. ఇదేమిటని అడిగితే, దీనికి ముందుకు పోవడమే తెలుసు, వెనక్కి తగ్గడం తెలియదని సారథి చెప్పాడట. ఇది మనిషై ఉంటే లోకంలోకెల్లా గొప్ప వీరుడయ్యేదని రాజు రథాన్ని పక్కకు మళ్లించాడని కథ. చైనా వాళ్లకు అదే పురుగు గురించి ఎగతాళి సామెత కూడా ఉంది. బలం తెలియక పెద్దవాడికి అడ్డుపడేవాణ్ని బండికి చేతులడ్డం పెట్టిన మాంటిస్ అంటారు. నాకైతే ఎగతాళే సరైనదనిపిస్తుంది. నా మాంటిస్‌లు నా చెయ్యి కనిపిస్తే రెండుసార్లు బెదిరించి మూడోసారి పారిపోతాయి. అదే తెలివి.

చేతుల విషయానికొస్తే, మీకు పన్నెండు చైనా అక్షరాల సూత్రం చెప్పే ఉంటారు, ఒక్కో అక్షరం ఒక్కో కదలిక. వాటిలో మొదటి మూడు గోవ్, లోవ్, త్సాయ్. కొక్కెం వెయ్యి, లాక్కో, తెంపు. అవతలివాడు కుడిచేత్తో నేరుగా గుద్దాడనుకోండి. నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర కొక్కెంలా తగిలి ఆ గుద్దును పక్కకు తీసుకుంటుంది. ఎడమచెయ్యి వాడి మోచేతి పైన పడి అదుపులోకి తీసుకుంటుంది. దాంతో ఖాళీ అయిన కుడిచెయ్యి కిందికి గుంజడమో గుద్దడమో చేస్తుంది. మాంటిస్ ఒక్కో కాలిలో తొడ ముళ్లూ పిక్క ముళ్లూ రెండు వైపుల నుంచీ బిగుసుకుంటాయి. మనకు ముళ్లు లేవు. ఆ లోటు తీర్చేది మోచేతి మీద పడే రెండో చెయ్యి. మొదటి ఏళ్లలో నేను ఇది తెలియక వేళ్ల కొక్కెంతోనే అన్నీ పట్టేద్దామని స్పారింగ్‌లో, అంటే జోడీతో చేసే పోరు సాధనలో, ఒక వేగమైన గుద్దుకు అడ్డం పెట్టి చూపుడు వేలు బెణికించుకున్నాను. ఆరు వారాలు కట్టు. ఆ వేళ్ల ముద్ర చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలకు ఇంకా బాగుంటుంది. పని చేసేది మాత్రం మణికట్టూ ముంజేయీ.

సూత్రంలో చివరి నాలుగు అక్షరాలు జాన్, నియెన్, తియె, కావ్. అంటుకో, అతుక్కో, ఆనుకో, ఒరుగు. మాంటిస్‌ను నిజంగా గమనించినవాళ్లు రాసిన మాటలివి అనిపిస్తుంది నాకు. కొత్తవాళ్లు ఎప్పుడూ మొదటి మూడింటి మీదే పడతారు. ఒకసారి తగిలాక వదలకుండా ఉండటం విసుగు పని, వీడియోలో కనిపించదు.

కాళ్ల విషయంలో ఆ వాంగ్ లాంగ్ కథే నిజాయితీగా ఒప్పుకుంది. చేతులు మాంటిస్‌వి, అడుగులు కోతివి అంటారు. మాంటిస్ నడక మీరు చూశారు కదా, దాన్ని చూసి ఎవరూ ఫుట్‌వర్క్ నేర్చుకోరు. అయితే ఒక్క మినహాయింపుంది. రెక్కలు రాని పిల్ల మాంటిస్ గెంతు. 2015లో శాస్త్రవేత్త మాల్కం బరోస్ బృందం స్లో మోషన్‌లో చిత్రించి చూస్తే, గాల్లో ఉండే సెకనులో పదో వంతు కాలంలోనే అది పొట్టనూ ముంగాళ్లనూ వెనక కాళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ, ఆ తిరుగుడు బలాన్ని ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మారుస్తూ, సన్నటి పుల్ల మీద కచ్చితంగా దిగింది. పొట్ట వంగకుండా జిగురుతో అతికిస్తే తల వెళ్లి పుల్లకు కొట్టుకుంది. నడుము బిగిస్తే ఏమవుతుందో మా మాస్టారు పదేళ్లు చెప్పారు, నాకు అర్థమైంది ఆ వీడియో చూశాకే.

ఈ విద్యలోని శాఖల గురించీ క్లుప్తంగా చెబుతాను. సెవెన్ స్టార్, ప్లమ్ బ్లాసమ్, సిక్స్ హార్మొనీ, ఎయిట్ స్టెప్ ఇవన్నీ చైనా ఉత్తరాది పద్ధతులు. 1919లో లువో గ్వాంగ్‌యూ షాన్‌డాంగ్ నుంచి షాంఘై వెళ్లి అక్కడి జింగ్వు అనే యుద్ధవిద్యల సంఘంలో బోధించడం మొదలుపెట్టాకే సెవెన్ స్టార్ బయటి ప్రపంచానికి బాగా తెలిసింది. దక్షిణాది మాంటిస్ అని ఇంకొకటుంది, దక్షిణ చైనాలోని హక్కా అనే ప్రజలది. చౌ గార్, చూ గార్, జూక్ లమ్ అనే శాఖలున్నాయి. పేరు ఒకటే గానీ విద్య వేరు, మూలం వేరు. ఛాతీకి దగ్గరగా, అతి తక్కువ దూరంలో చేసే పోరు. ఇంటర్నెట్‌లో రెండింటినీ కలిపేసే వీడియోలే ఎక్కువ, అవి చూసి టెన్షన్ పడకండి.

మాంటిస్‌లు మాంటిస్‌లతో ఎలా పోరాడతాయో తెలుసుకోవాలంటే స్ప్రింగ్‌బాక్ మాంటిస్ అనే జాతి గురించి చదవండి. ఆడది మగదాన్ని తినేస్తుందన్నది అందరికీ తెలిసిందే, అదీ అన్నిసార్లూ జరగదు, ఆకలి మీద ఆధారపడి ఉంటుంది. ఈ జాతిలో మాత్రం ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే మగది ఆడదానితో కుస్తీ పడుతుంది. 2021లో న్యూజిలాండ్ పరిశోధకులు గమనించింది ఏమిటంటే, ముందుగా ముంగాళ్లతో పట్టు దొరకబుచ్చుకున్నది ఎవరో వాళ్లదే పైచేయి. మగదానికి ముందు దొరికితే చాలాసార్లు బతికి బయటపడుతుంది, ఆడదానికి దొరికితే భోజనం. గుద్దుల లెక్క లేదు, తన్నుల లెక్క లేదు. మొదటి పట్టు ఎవరిదన్నదే.

గమనించే పద్ధతి మార్చండి. డబ్బా వెనక గళ్ల కాగితం అంటించండి, దూరం తెలుస్తుంది. వెలుతురు బాగా ఉండాలి, లేకపోతే స్లో మోషన్ మసకగా వస్తుంది. ఎరను దాని ముఖం మీద పడెయ్యకండి, డబ్బాకు ఆ చివర వదలండి. తల తిరిగిన క్షణం నుంచి ముంగాళ్లు విసిరే దాకా ఎంతసేపు ఆగిందో రాసుకోండి. ఎన్నిసార్లు విసరకుండా ఊరుకుందో కూడా రాయండి, ఆ లెక్కే నాకు ఎక్కువ నేర్పింది. గురి తప్పిన దెబ్బల్ని చెరిపెయ్యకండి, అవి చాలానే ఉంటాయి. తప్పాక అది ఎంత తొందరగా మళ్లీ చేతులు ముడుచుకుని మొదటి స్థితికి వస్తుందో చూడండి. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి మీ గార్డ్, అంటే రక్షణగా చేతులు పెట్టుకునే తీరు, చూసుకోండి.

చివరగా, నాలుగు రోజులుగా తిండి మానేసిందన్నారు. భయపడొద్దు, రోగం కాకపోవచ్చు. రెక్కల మొగ్గలు ఉబ్బినట్టుండి, పొట్ట నిండుగా ఉండి, పైకప్పుకు వేలాడుతుంటే అది కుబుసం విడవబోతోంది. పెద్దదయ్యేలోపు చాలాసార్లు విడుస్తుంది. డబ్బాలోంచి ఎరలన్నీ ఇప్పుడే తీసెయ్యండి. కుబుసంలోంచి సగం బయటికొచ్చిన మాంటిస్ మెత్తగా ఉంటుంది, ఏమీ చెయ్యలేదు. నేను ఒకసారి కీచురాయిని లోపలే వదిలేసి నిద్రపోయాను. తెల్లారి చూస్తే కీచురాయే దాన్ని కొరికేసింది. డబ్బా ఎత్తు దాని ఒంటి పొడవుకు కనీసం మూడు రెట్లు ఉండాలి, లేకపోతే కిందికి జారేటప్పుడు నేలకు తగిలి కాళ్లు వంకర పోతాయి. మూత లోపలి వైపు పట్టు దొరికేలా వల గుడ్డ ఉండాలి. కాస్త నీళ్లు చిలకరించండి, కదపకండి. కుబుసం విడిచాక ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టొద్దు, నోరూ ముళ్లూ గట్టిపడాలి. ఆ తర్వాత ఒక్క చిన్న ఈగను వదిలి, ఫోన్‌ను 240కి పెట్టి, మీరు పక్కకు తప్పుకోండి.